ఎఫెసు రాళ్లు అడిగే ప్రశ్న

ఆదివారం ఉదయం మీరు ఇంట్లో పూజ ముగించుకుని తీర్థం పుచ్చుకుంటున్న వేళ, వీధి చివరి చర్చి నుంచి మైకులో కొన్ని పేర్లు వినబడుతూ ఉంటాయి. కొరింథీయులకు, ఫిలిప్పీయులకు, ఎఫెసీయులకు... ఏళ్ల తరబడి చెవిన పడుతున్న మాటలే అయినా అవి ఎక్కడి పేర్లో మనలో చాలామంది విచారించి ఉండరు. అవి ఊళ్ల పేర్లు. కొరింథు, ఫిలిప్పీ, ఎఫెసు నగరాల జనులకు దాదాపు రెండు వేల సంవత్సరాల క్రితం ఒక బాటసారి పేరిట వెళ్లిన జాబులవి. ఆ ప్రాచీన నగరాలు నేడు శిథిలాలు. విరిగిన స్తంభాలూ, అరిగిన మెట్లూ, ముళ్లపొదలూ మిగిలాయి. జాబులను మాత్రం మన వీధి చివర ఈ పూట కూడా చదువుతున్నారు.

రాయి శిథిలమై మాట నిలిచిన ఈ వైనం, ఆలయ సంప్రదాయంలో పుట్టి పెరిగిన మనకు కొంత కలవరం కలిగిస్తుంది. దేవాలయం దేనివల్ల నిలుస్తుంది? దేనివల్ల కూలుతుంది? మతాల తారతమ్యం ఎంచడానికి కాదు, ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఆ శిథిలాల దారిలో మనసుతోనైనా ఒకసారి నడిచి రావడం మంచిది. రండి.

గుడారాల పనివాడు

ఆ బాటసారి పేరు పౌలు. నేటి టర్కీ దేశపు దక్షిణ తీరానికి చేరువలోని తార్సు ఆయన జన్మస్థలం. పుట్టుకతో యూదుడు, హక్కులను బట్టి రోమను పౌరుడు. మొదట క్రైస్తవులను వెంటాడి హింసించినవాడే, దమస్కు దారిలో కలిగిన దర్శనంతో ఆ మతానికే ప్రచారకుడయ్యాడని వారి గ్రంథం చెబుతోంది. క్రీ.శ. 46 ప్రాంతం నుంచి సుమారు పదేళ్లకు పైగా సైప్రస్, టర్కీ, గ్రీసు ప్రాంతాలలో కాలినడకన, ఓడలమీద ఆయన చేసిన సంచారాలను మూడు యాత్రలుగా లెక్కిస్తారు. మన నేలను శాతవాహనులు ఏలుతున్న కాలమది.

ఈ యాత్రలకు బయలుదేరిన చోటు అంతియొకయ నగరం. నేటి అంతాక్యా. 2023 ఫిబ్రవరి 6న టర్కీని కుదిపేసిన భూకంపంలో తీవ్రంగా దెబ్బతిన్న పట్టణాలలో అదొకటి.

ఆయన జీవితంలో ఒక అంశాన్ని మొదటే గమనించండి. ఆయనది గుడారాలు తయారుచేసే వృత్తి. ప్రబోధానికి వెళ్లిన ఊళ్లలో సైతం పగలంతా ఆ పని చేసుకుని బతికేవాడు. ఈ సంగతిని గుర్తుంచుకోండి. యాత్ర చివరలో దీనితో మనకు పని ఉంది.

పూలదండలతో వచ్చిన అర్చకుడు

మొదటి యాత్రలోని లుస్త్ర వద్ద కాసేపు ఆగుదాం. టర్కీ నడిబొడ్డున ఉన్న కోన్యా నగరానికి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, హాతున్‌సరాయ్ గ్రామం దగ్గర ఒక మట్టిదిబ్బ కనిపిస్తుంది. 1885లో దొరికిన ఒక శాసనం ఆధారంగా అదే లుస్త్ర అని తేల్చారు. చూడటానికి అక్కడ గోపురం లేదు, గోడ లేదు. కానీ ఆ దిబ్బమీద జరిగిన కథ ప్రతి అర్చకుడూ వినదగ్గది.

పుట్టుకుంటివాడు ఒకడు పౌలు మాటతో లేచి నడిచాడట. చూసిన జనం, దేవతలే మానవరూపంలో మన ఊరికి దిగివచ్చారని కేకలు వేశారు. పౌలుతో వచ్చిన బర్నబాను జ్యూస్ అనీ, ఎక్కువగా మాట్లాడేవాడు కనుక పౌలును హెర్మెస్ అనీ భావించారు. తెలుగు బైబిలులో ఈ జ్యూస్‌ను ‘ద్యుపతి’ అని అనువదించారు. ఆ అనువాదకులెవరో భాష తెలిసినవారు. గ్రీకుల జ్యూస్, మన ఋగ్వేదంలోని ద్యౌష్పిత ఒకే మూలం నుంచి వచ్చిన పేర్లని భాషాశాస్త్రవేత్తలు ఏనాడో నిర్ధారించారు.

ఊరి ముందరి జ్యూస్ ఆలయ అర్చకుడు ఎడ్లనూ పూలదండలనూ తీసుకుని పరుగున వచ్చాడు. ఎందుకింత తొందర? ఆ ప్రాంతానికి పొరుగునే ఉన్న ఫ్రుగియలో జరిగినట్లు ఒక కథ ప్రచారంలో ఉండేది. జ్యూస్, హెర్మెస్ పేద బాటసారుల వేషంలో ఇల్లిల్లూ తిరిగితే అందరూ తలుపులు మూసుకున్నారట. ఒక్క ముసలి దంపతులు మాత్రం ఉన్నదాంట్లో పెట్టి ఆదరించారట. ఆ దంపతులు తప్ప ఊరంతా నీట మునిగిపోయింది. రోమను కవి ఓవిడ్ తన కావ్యంలో ఈ కథను చెప్పాడు. అతిథిని దేవుడిగా ఎంచాలని తైత్తిరీయోపనిషత్తు ద్వారా నేర్చిన మనకు ఆ అర్చకుడి ఆరాటం అర్థం కావడం కష్టం కాదు.

అయితే వచ్చినవారు పూజను అంగీకరించలేదు. మేమూ మీవంటి మనుషులమేనంటూ బట్టలు చించుకుని, జనసమూహంలోకి చొరబడి వారించారు. ఆ తరువాత జరిగినది మరీ విచిత్రం. పొరుగూళ్ల నుంచి వచ్చినవారు ఎగదోయగా, దండలు తెచ్చిన ఊరే రాళ్లు రువ్వింది. చనిపోయాడనుకుని పౌలును ఊరి వెలుపలికి ఈడ్చివేశారు. ఆయన లేచి, తిరిగి అదే ఊళ్లోకి నడిచి వెళ్లాడు. మనిషిని దేవుణ్ణి చేసే నోరూ, అతణ్ణే రాళ్లతో కొట్టే చేయీ ఒకే గుంపువి. ఈ విషయంలో ఏ దేశమూ ఏ కాలమూ మినహాయింపు కాదు.

తెలియని దేవునికి ఒక పీఠం

రెండో యాత్రలో పౌలు ఏజియన్ సముద్రం దాటి గ్రీసు గడ్డమీద అడుగుపెట్టాడు. ఫిలిప్పీలో దెబ్బలు తిని చెరసాల పాలయ్యాడు. అక్కడి నుంచి థెస్సలొనీక, బెరయ మీదుగా ఏథెన్సు చేరాడు. ఆక్రొపొలిస్ కొండ పక్కనే అరెయోపగస్ అనే గుట్ట ఉంది. పాలరాయి వంటి బండ, వేల పాదాల రాపిడికి జారుడుబల్లలా మారింది. ఎక్కేటప్పుడు జాగ్రత్త అవసరం. ఆయన చేసిన ప్రసంగాన్ని గ్రీకు లిపిలో చెక్కిన కంచు ఫలకం గుట్ట మొదట్లో కనిపిస్తుంది.

నగరంలో తిరుగుతూ ‘తెలియని దేవునికి’ అని రాసిన ఒక బలిపీఠం చూశానని ఆయన ఆ ప్రసంగాన్ని ఆరంభించాడు. ఈ మాట చదివినప్పుడు వేదాధ్యయనపరులకు హిరణ్యగర్భ సూక్తం తలపునకు రాక మానదు. ఏ దేవునికి హవిస్సు సమర్పించాలని మంత్రం తరువాత మంత్రంగా ఆ సూక్తం ప్రశ్నిస్తుంది. తెలియదని ఒప్పుకుంటూనే చేతులు జోడించడం మానవజాతి ఉమ్మడి సంస్కారం. అక్కడివారిలో కొందరు మృతుల పునరుత్థానం మాట రాగానే నవ్వారు. కొద్దిమంది మాత్రం వెంట నడిచారు. పౌలు ఏథెన్సులో ఎక్కువకాలం నిలవలేదు.

అక్కడికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని కొరింథులో మాత్రం ఏడాదిన్నర ఉన్నాడు. నేటి సందర్శకుడికి ముందుగా కనిపించేవి అపొలో ఆలయానికి మిగిలిన ఏడు స్తంభాలు. ఒక్కొక్కటీ ఏకశిల. పౌలు వచ్చేనాటికే అవి నిలిచి దాదాపు ఆరు వందల ఏళ్లు. ఆ కింద అంగడి మధ్యలో ఎత్తైన రాతి అరుగు ఒకటి ఉంది. రోమను అధికారి గల్లియో ఎదుట పౌలుపై ఫిర్యాదు చేసిన చోటు అదేనంటారు. ఇది మీ మత వివాదం, నేను తీర్పరిని కానని ఆ అధికారి ఫిర్యాదును తోసిపుచ్చాడు. ఈ గల్లియో పేరున్న శాసనం డెల్ఫీలో దొరికింది. దాని ఆధారంగా ఆయన పదవీకాలం క్రీ.శ. 51-52 ప్రాంతమని తేలింది. పౌలు జీవితంలోని తేదీలన్నింటికీ ఆ రాయే ఆనవాలు.

కొరింథులో పౌలు ఉన్నది రోము నుంచి వెళ్లగొట్టబడిన అకుల, ప్రిస్కిల్ల అనే దంపతుల ఇంట. వారిదీ గుడారాల పనే. ముగ్గురూ కలిసి పనిచేసుకునేవారు.

ఊరేగింపు చూపిన గుడి

ఇక మూడో యాత్రలో ముఖ్యమైన మజిలీ ఎఫెసు. మళ్లీ సముద్రం దాటి టర్కీ పడమటి తీరానికి రావాలి. ఇజ్మీర్ నగరం నుంచి సెల్చుక్ అనే చిన్న పట్టణం సుమారు 80 కిలోమీటర్లు. ఊరి అంచున బురదనేలలో ఒకే ఒక స్తంభం నిలబడి ఉంటుంది. అది కూడా విరిగిన ముక్కలను ఏరి 20వ శతాబ్దంలో తిరిగి నిలబెట్టినది. వేసవిలో దానిమీద కొంగలు గూడు కట్టుకుంటాయి. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతలలో ఒకటైన ఆర్టెమిస్ దేవి ఆలయానికి మిగిలిన గుర్తు అదే. ఈ గుడికి 127 స్తంభాలుండేవనీ, ఒక్కొక్కటి 18 మీటర్ల ఎత్తనీ రోమను రచయిత ప్లినీ వివరించాడు. అమ్మవారి మూర్తి ఆకాశం నుంచి దిగివచ్చిందని అక్కడివారు నమ్మేవారు. మన పరిభాషలో స్వయంభువు అన్నమాట.

క్రీ.శ. 3వ శతాబ్దంలో గోతుల దాడికి గురై, ఆపైన రాళ్లు ఊడిపోయి, నది తెచ్చిన ఒండ్రులో కూరుకుపోయి, ఈ ఆలయం ఎక్కడుండేదో కూడా లోకం మరిచిపోయింది. జాన్ టర్టిల్ వుడ్ అనే ఆంగ్లేయుడు 1863లో వెదకడం మొదలుపెట్టాడు. ఏళ్లు గడిచినా ఫలితం లేదు. చివరకు నగరంలోని రంగస్థలం గోడలమీద ఒక దానశాసనం దొరికింది. క్రీ.శ. 104లో సలుటారిస్ అనే ధనికుడు దేవికి వెండి బంగారు ప్రతిమలు చేయించి, వాటిని గుడి నుంచి ఏ ద్వారం గుండా నగరంలోకి తేవాలో, ఏ ద్వారం గుండా తిరిగి తీసుకెళ్లాలో, యువకులు ఎక్కడ ఎదురేగి వెంట నడవాలో వివరంగా చెక్కించాడు. వుడ్ ఆ ద్వారాన్ని వెదికి పట్టుకున్నాడు. ఊరేగింపు దారి వెంట తవ్వుకుంటూ పోయి 1869 చివరి రోజున ఆలయపు నేలను చేరాడు.

పాఠకులారా, ఒక్క క్షణం ఆలోచించండి. గుడి మాయమైనా, మూర్తి కదిలిపోయినా, ఉత్సవం నడిచిన వీధి గుడి ఆచూకీ చెప్పింది.

ఆరిన అగ్నిహోత్రం

ఎఫెసు నగర శిథిలాలు అక్కడికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో రెండు కొండల నడుమ ఉన్నాయి. పై ద్వారం నుంచి ప్రవేశిస్తే పల్లానికి నడుచుకుంటూ రావచ్చు. మొదట ప్రీతనేయం అనే భవనపు పునాదులు వస్తాయి. గృహాగ్నికి అధిదేవత అయిన హెస్తియా పేరిట నగరమంతటి తరఫున అక్కడ నిత్యాగ్నిని కాపాడేవారు. అగ్నిహోత్రం ఎరిగిన కుటుంబాలవారు ఆ రాళ్ల దగ్గర కాళ్లు కదపలేరు. ఆ చోటనే 1956లో ఆర్టెమిస్ మూర్తులు బయటపడ్డాయి. వాటిలో ‘సుందర ఆర్టెమిస్’ అని పిలిచే మూర్తిని ఎవరో మట్టిలో జాగ్రత్తగా పూడ్చిపెట్టిన తీరు తవ్వినవారికి స్పష్టంగా కనిపించింది. నేడు అవి సెల్చుక్ మ్యూజియంలో ఉన్నాయి.

4వ శతాబ్దాంతంలో రోమను చక్రవర్తి థియొడోసియస్ పాత దేవతల పూజలను చట్టంతో నిషేధించాడు. ఆ రోజుల్లో మూర్తిని మట్టిలో దాచిన చేతులు ఎవరివో మనకు తెలియదు. దండయాత్రల కాలంలో ఉత్సవ విగ్రహాలను నేలమాళిగల్లో దాచిన మన పూర్వీకుల కథలు విన్నవారికి మాత్రం ఆ చేతులు పరిచితంగానే తోస్తాయి.

కిందికి నడిస్తే ఫొటోలలో అందరూ చూసే సెల్సస్ గ్రంథాలయ ముఖభాగం వస్తుంది. అది పౌలు కాలం నాటిది కాదు. 2వ శతాబ్దపు నిర్మాణం. పౌలు నడిచిన నాటి ఎఫెసును చూడాలంటే ఇంకొంచెం ముందుకు, కొండవాలున చెక్కిన మహా రంగస్థలం దగ్గరికి వెళ్లాలి. సుమారు 25 వేల మంది కూర్చోగల మెట్ల వరుసలవి. మన ప్రశ్నకు మూలం అక్కడే ఉంది.

రెండు గంటల కేకలు

ఎఫెసులో దేమేత్రి అనే కంసాలి ఉండేవాడు. ఆర్టెమిస్ గుడి నమూనాలను వెండితో చేయించి అమ్మేవాడు. తిరుమల వెళ్లినవారు స్వామి ప్రతిమను కొనితెచ్చుకున్నట్లు యాత్రికులు వాటిని ఇళ్లకు తీసుకుపోయేవారు. చేతులతో చేసినవి దేవతలు కావని పౌలు బోధించడం మొదలుపెట్టాక వ్యాపారం తగ్గుతుందన్న భయం పట్టుకుంది. దేమేత్రి తోటి పనివారిని పోగుచేశాడు. ఆయన మాటల క్రమాన్ని గమనించండి. మన రాబడి ఈ పనివల్లనే వస్తోందన్నది మొదటి మాట. దేవి మహిమ తగ్గిపోతుందన్నది ఆ తరువాతి మాట.

ఊరంతా రంగస్థలానికి పరుగెత్తింది. పౌలు అనుచరులు ఇద్దరిని ఈడ్చుకెళ్లారు. ఆయనే వెళ్లబోతే శిష్యులు అడ్డుపడ్డారు. తామెందుకు చేరామో జనంలో చాలామందికి తెలియనే తెలియదట. అయినా దేవి పేరిట దాదాపు రెండు గంటలు ఏకధాటిగా కేకలు వేశారు. చివరకు నగరపు లేఖరి లేచి, వీరు మన గుడిని దోచినవారు కారు, మన దేవిని దూషించినవారూ కారు, తగవుంటే న్యాయస్థానాలున్నాయి కదా అని నచ్చజెప్పి పంపివేశాడు. ఆ సభలో వివేకంగా మాట్లాడినవాడు ఆయన ఒక్కడే.

ఈ కథ చెప్పినవారు పౌలు పక్షంవారని మరువరాదు. దేమేత్రి చెబితే మరో విధంగా ఉండేదేమో. సుందర మూర్తిని మట్టిలో దాచిన చేతుల వంటి నిష్కపట భక్తులు ఆనాటి ఎఫెసులోనూ ఎందరో ఉండి ఉంటారు. వారు ఆ రంగస్థలానికి వచ్చి కేకలు వేశారో, గుడిలో దీపం దగ్గరే కూర్చున్నారో చెప్పినవారు లేరు. అయినా దేమేత్రి మాటల క్రమం నన్ను వదిలిపెట్టదు. నలభై ఏళ్లుగా గర్భాలయంలో దీపం వెలిగిస్తూ, పళ్లెంలో పడినదానితో సంసారం ఈదిన అర్చకుణ్ణి నేను. ఉత్సవం బాగా జరగలేదని నొచ్చుకున్నప్పుడు ఆ నొప్పిలో స్వామి భాగమెంత, నా భాగమెంత? ఆలయానికి ఏదో అయిపోతోందని గొంతెత్తినప్పుడు ముందు నోట వచ్చే మాట ఏది? ఇది ఒక్క అర్చకుడి ప్రశ్న కాదు. కమిటీలో పదవి కోరేవారికీ, గుడి ముందు దుకాణం పెట్టుకున్నవారికీ, ధర్మం పేరిట వేదికలెక్కేవారికీ వర్తించే ప్రశ్న. వృత్తి చేసుకుని బతకడం దోషం కాదు. దేవుని పేరును వృత్తికి తొడుగుగా చేయడం దోషం.

సముద్రం వెళ్లిపోయిన ఊరు

రంగస్థలం ఎదుట నుంచి అర కిలోమీటరు పొడవున పాలరాతి వీధి ఒకటి నేరుగా రేవుకు పోతుంది. ఆ వీధి చివర నేడు రేవు లేదు. రెల్లు పెరిగిన చిత్తడి నేల ఉంది. నది మోసుకొచ్చిన ఒండ్రుతో సముద్రం కొన్ని కిలోమీటర్లు వెనక్కి జరిగిపోయింది. రేవు పోయాక నగరమూ క్షీణించింది. పక్కనే క్రీ.శ. 431లో క్రైస్తవ మహాసభ జరిగిన మేరీమాత చర్చి ఉంది. అదీ శిథిలమే. ఊరవతల గుట్టమీద 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన యోహాను చర్చి, అదీ శిథిలమే. ఆర్టెమిస్ గుడిని అణచినవారి గుడులూ ఎఫెసులో నిలవలేదు. గెలుపు ఓటములు రాసేవారు ఈ మాటను కూడా రాసుకోవాలి.

మరొక మాట. దేమేత్రి భయపడినంతా ఆ రోజుల్లో జరగలేదు. ఆ అల్లరి జరిగిన సుమారు అర్ధశతాబ్దం తరువాతనే సలుటారిస్ ఊరేగింపు శాసనం చెక్కించాడు. మరో రెండు మూడు శతాబ్దాలు దేవికి పూజలు అందాయి. కేకలు గుడిని కాపాడలేదు, కూల్చనూ లేదు. నిత్యం దీపం పెట్టే చేతులు ఉన్నంతకాలం గుడి ఉంది. రాజాజ్ఞ ఆ చేతులను ఆపిన తరువాత ఎంతటి స్తంభాలూ గుడిని నిలపలేకపోయాయి.

చివరి మజిలీ

ఎఫెసుకు దక్షిణాన మిలేతు శిథిలాలున్నాయి. ఇక్కడా సముద్రం వెనక్కి తగ్గి, ఒకనాటి రేవు పొలాల మధ్య మిగిలింది. యెరూషలేముకు తిరిగి పోతూ పౌలు ఎఫెసు పెద్దలను ఇక్కడికి పిలిపించి వీడ్కోలు చెప్పాడు. ఎవరి వెండినీ బంగారాన్నీ ఆశించలేదని, తన అవసరాలకూ తనవారి అవసరాలకూ ఈ చేతులే పనిచేశాయని ఆయన వారికి చేతులు చూపాడట. వారంతా ఏడ్చి, ఓడ దాకా సాగనంపారు. ఆయన సిద్ధాంతంతో మనకు అంగీకారం ఉండనక్కరలేదు. విగ్రహారాధన గురించి ఆయన అన్నదానికి మన ఆగమాలలో వేరే సమాధానం ఉంది. కానీ కాయలు కాచిన చేతులు చూపి మాట్లాడినవాడి మాటకు ఎందుకు ఆయుష్షు వచ్చిందో గ్రహించడానికి మతం మారనక్కరలేదు.

వెళ్లగలిగినవారు వసంతంలోనో శరత్తులోనో వెళ్లండి. వేసవి ఎండ అక్కడి పాలరాతిమీద భరించరానిది. వెళ్లలేనివారు విచారించనవసరం లేదు. మీ ఊరిలోనే ధూపదీప నైవేద్యాలకు నోచుకోని పాత గుడి ఏదైనా ఉందేమో చూడండి. ఈ సాయంత్రం కాసింత నూనె, ఒక వత్తి తీసుకుని అక్కడికి వెళ్లండి. ఎవరినీ పిలవకండి, ఫొటో తీయకండి. దీపం వెలిగించి కాసేపు కూర్చోండి. ఎఫెసు రాళ్లు అడిగిన ప్రశ్నకు సమాధానం ఆ వెలుగులో దొరుకుతుంది.